రెండో ఖానాలో సంతకం

మందుల ఫ్యాక్టరీలో ఏ పనికైనా ఇద్దరు సంతకం పెట్టాలి. పొడి తూచినా, కలిపినా, ఆరబెట్టినా, ఆ పని రాసే కాగితం చివర రెండు ఖానాలుంటాయి. మొదటిది చేసినవారిది, రెండోది సరిచూసినవారిది. పటాన్‌చెరు పక్కన ఒక ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు నేను ఆ రెండో ఖానాలో సంతకం పెట్టాను. నేను పెట్టనిదే తర్వాతి పని మొదలుకాకూడదు. చిన్న ఉద్యోగమే. కానీ ఆ ఒక్క నియమం వల్ల నాకు ఎవరి కిందో పనిచేస్తున్నట్టు ఉండేది కాదు.

ఆ పదకొండేళ్ళలో ఆరేళ్ళు నా పక్క ఖానాలో సంతకం పెట్టినవాడు ఒక్కడే. అతని ఉద్యోగం నేనే తీయించాను. ఇప్పటికీ అది తప్పని నాకనిపించదు. తప్పు ఇంకెక్కడో జరిగింది.

మాది కంది నుంచి లోపలికి పోతే వచ్చే ఊరు. తాత ఆ ఊరికి పటేల్. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా కాగితం తెచ్చి సంతకం పెట్టమంటే దాన్ని చదవకూడదు. చదివితే తెచ్చిన మనిషిని నమ్మనట్టు. ఇంటికొచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, చాయ్ ఇప్పించి, అతని ముందరే అక్షరం అక్షరం చదువుకోవడం షావుకారు లక్షణమనీ, మనది కాదనీ తాత అనేవాడట. ఆయన కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా సంతకం పెట్టేవాడు. ఆయన రోజుల్లో ఆయన్ని మోసం చేసే ధైర్యం ఎవరికీ లేదు గనక అది చెల్లింది. బాపు కాలానికి అందరికీ ధైర్యం వచ్చింది. హైవే పక్క భూములకు గిరాకీ పుట్టిన రోజుల్లో బాపు వరసగా సంతకాలు పెట్టాడు. ఒకటి దారి ఇస్తున్నాననుకున్నాడు, ఒకటి కౌలుకిస్తున్నాననుకున్నాడు. అన్నీ అమ్మకాలే. మా మేనమామ కోర్టుకు పోదామంటే, "సంతకం నాదే గదా, ఏమని పోవాలె" అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తనివ్వలేదు.

ఆ భూమిలో ఇప్పుడు గోదాములున్నాయి. కంపెనీ బస్సు రోజూ వాటి ముందునుంచే పోయేది. నేను తల తిప్పేదాన్ని కాదు.

బాపు పోయాక అమ్మా నేనూ సంగారెడ్డిలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. నేను ఫ్యాక్టరీకి పోతున్నానని అమ్మ బంధువులకు చెప్పలేదు. కాలేజీలో పాఠాలు చెప్తున్నానని చెప్పింది. పెళ్ళి సంబంధాల విషయంలో మాకు సరితూగేవాళ్ళు రాలేదు, వచ్చినవాళ్ళను అమ్మ గుమ్మం దాటనివ్వలేదు. అట్లా ముప్పై నాలుగు వచ్చింది. అప్పుడు అతను మా సెక్షన్‌లో చేరాడు.

నాకంటే ఆరేళ్ళు చిన్న. వాళ్ళ నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో పనికి వచ్చి స్థిరపడ్డాడు. ఇతను క్వార్టర్లలో పుట్టి పెరిగాడు. తోటి కెమిస్టులతో కోస్తా మాట, ఒడిశా నుంచి వచ్చిన కూలీలతో హిందీ, స్టోరు వాళ్ళతో మా మాట మాట్లాడేవాడు. ఎవరి దగ్గర ఏ మాట పనిచేస్తుందో అతనికి బాగా తెలుసు. అది తెలివని నేను మెచ్చుకున్నాను.

మేం పనిచేసే గదిలోకి తలనుంచి కాళ్ళదాకా తెల్ల గౌను వేసుకుని, ముక్కూ నోరూ కప్పుకుని పోవాలి. లోపల మనిషికి కళ్ళు తప్ప ఏమీ కనపడవు. రోజుకు ఎనిమిది గంటలు, ఆరేళ్ళు, నేను అతని కళ్ళు చూశాను. భోజనాల దగ్గర ముఖం చూస్తే ఎవరో కొత్త మనిషిలా ఉండేవాడు. నాకు గదిలోని అతనే తెలుసు.

మా ఊరి ముసలాయన ఒకాయన అక్కడ సంచులు మోసేవాడు. వాళ్ళ నాన్న మా ఇంట్లో పశువులు చూసేవాడు. నేను ఎదురైతే ఎంత బరువు మీదున్నా ఆగి, "నమస్తే దొరసానీ" అనేవాడు. వద్దని చాలాసార్లు చెప్పాను. గట్టిగా చెప్పలేదు. ఆ పిలుపు ఒకరోజు మా కెమిస్టు కుర్రవాడు విన్నాడు. వారం తర్వాత, గదిలో ఇద్దరమే ఉన్నప్పుడు, నిలబడి కాగితాలు చూస్తున్న నా వెనక ఒక స్టీలు స్టూలు వేశాడు. స్పిరిటు గుడ్డతో తుడిచి మరీ వేశాడు.

"కూసోండ్రి, దొరసానిగారూ. మీరు నిలబడితే మాకు బాగుండదు."

ఆ గదిలో స్టూలు ఉండకూడదు. నేను ఆ మాట అనాలి. అనలేదు, కూర్చున్నాను. మా ఇంట్లో ఆ పిలుపు ఆగిపోయి ఇరవై ఏళ్ళు. ఎగతాళి లేకుండా, ముసలాయన వణుకు లేకుండా, ఒక మగవాడి గొంతులో అది వినడం నాకదే మొదలు.

తర్వాత జరిగినవన్నీ చిన్నవే. నా సంతకం కోసం కాగితం తెచ్చి నిలబడేవాడు. నేను పెన్ను మూత తీసి ఒక నిమిషం ఆగేదాన్ని, అతను ఎదురుచూడటం చూడటానికి. ఆ నిమిషం నాదని నేననుకున్నాను. ఒకసారి నా చేతి గ్లౌజు చిరిగిందని చూపించి, తనే విప్పి, కొత్తది తొడిగాడు. అతని చేతికీ గ్లౌజు ఉంది. ఆరేళ్ళలో అతను నన్ను తాకింది అంతే. ఇంకోసారి వానకు బస్సు దొరక్కపోతే ముత్తంగి దాకా బండి మీద దింపాడు. మా ఇద్దరి మధ్య నా సంచి పెట్టుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చాక ఆ సంచి తడి చూసి అమ్మ గొడుగేదని అడిగితే, లేని కోపం తెచ్చుకుని కసిరాను.

మెల్లగా అతను చెప్పడం మొదలుపెట్టాడు. ప్యాకింగ్ ఆఫీసరుతో క్యాంటీనులో అంతసేపు మాట్లాడటం మీ స్థాయికి బాగుండదన్నాడు. మానేశాను. ఆకుపచ్చ చీరలు మీకు నప్పవన్నాడు. గౌను కింద ఎవరూ చూడని చీరలు. రెండు నెలల్లో మా ఇంట్లో ఆకుపచ్చ లేకుండా చేశాను. అమ్మ ఎవరితో మాట్లాడొద్దన్నా, ఏం కట్టుకోవద్దన్నా ఒప్పుకోని మనిషిని నేను.

రెండో ఏడు ఒక కాగితం ఆపాను. అంకె మీద అంకె దిద్ది ఉంది. అది మా దగ్గర పెద్ద తప్పు. తప్పుంటే ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, కారణం రాసి, సంతకం పెట్టాలి. ఆ మాటే చెప్పాను. అతను తల ఊపి, దిద్దుకుని, వెళ్ళిపోయాడు. తర్వాత ఏడు రోజులు నాతో మాట్లాడలేదు. స్టూలు వెయ్యలేదు. కాగితాలు ఒడిశా కూలీ చేతికిచ్చి పంపేవాడు. ఆ స్టూలు లేని గదిలో ఏడు రోజులు నిలబడ్డాను. ఎనిమిదో రోజు పొద్దున నేనే వెళ్ళి, ఆ రోజు రావలసిన కాగితాలన్నీ తెమ్మన్నాను. ఇంకా ఏ పనీ మొదలు కాలేదు. మొదటి ఖానాలన్నీ ఖాళీ. రెండో ఖానాల్లో వరసగా సంతకాలు పెట్టి ఇచ్చాను.

"చదవకుండనే పెడుతున్నరా?" అన్నాడు.

"చదవనీకి మీ మీద నమ్మకం లేదా," అన్నాను.

ఈ పని అతను అడగలేదు. నేనే ఇచ్చాను. మా ఇంట్లో మనిషిని గౌరవించే తీరు అదొక్కటే నాకు వచ్చు. ప్రేమించే తీరు ఎవరూ నేర్పలేదు. ఆ తర్వాత నాలుగేళ్ళు, షిఫ్టు మొదట్లోనే అతను కాగితాల కట్ట తెచ్చేవాడు, నేను స్టూలు మీద కూర్చుని సంతకాలు పెట్టేదాన్ని. సంచులు మోసే ముసలాయన తలుపు దగ్గర నిలబడి చూసేవాడు.

గౌన్లు మార్చుకునే గదులు ఆడవాళ్ళదీ మగవాళ్ళదీ పక్కపక్కనే. మధ్య గోడ పైకప్పు దాకా లేదు. ఒకరోజు భోజనం నుంచి నేను ముందే వచ్చాను. అవతల అతని గొంతు, ఇంకో సెక్షన్ కెమిస్టు గొంతు వినపడ్డాయి. తమ సెక్షన్ మేడమ్ కామా కూడా వదలదని, నువ్వెలా నెట్టుకొస్తున్నావని ఆ రెండోవాడు అడుగుతున్నాడు.

"ఏముందిరా, దొరసానిగారూ అని పిలవాలి. స్టూలు తుడిచి వెయ్యాలి. ఎప్పుడైనా మొండికేస్తే ఓ వారం మొహం చాటెయ్యాలి. ఇక తెల్లకాగితమిచ్చినా సంతకం పెట్టేస్తది."

"పెళ్ళి కాలేదనుకుంటా ఆవిడకి."

"అదే కదా సంగతి."

ఇద్దరూ నవ్వారు. తనను కొత్త యూనిట్‌కు ఇన్‌చార్జిగా పంపుతారని, చేతిలో ఉన్న బ్యాచ్‌లు గడువులో అప్పగిస్తే చాలని అతను చెప్పుకొచ్చాడు. చివరికి, "అక్కడ ఇలాంటి దొరసాని దొరుకుద్దో లేదో," అన్నాడు.

నేను గౌను జిప్పు పైదాకా లాక్కున్నాను. తలకు టోపీ, మూతికి మాస్కు, చేతులకు గ్లౌజులు, రూలు ప్రకారం ఏది ముందో ఏది తర్వాతో అదే వరసలో వేసుకున్నాను. ఏడవలేదు. మాస్కు తడిస్తే మార్చుకోవాలి. గదిలోకి పోయాను. స్టూలు వేసి ఉంది. కూర్చోలేదు.

ఆ రోజే పైవాళ్ళకు చెప్పేదాన్ని. కానీ చెప్తే ఆ కాగితాల మీద నా సంతకాలున్నాయి, నేనూ పోతాను. నేను పోతే అతను దానికీ ఒక నవ్వు నవ్వుకుంటాడు. అది నేను జరగనివ్వదలచుకోలేదు. అందుకే నా పని నేను చేయడం మొదలుపెట్టాను. అతనికి అంతకంటే పెద్ద శిక్ష నాకు తట్టలేదు.

మర్నాడు కట్ట తెచ్చాడు. పని అయ్యాక ఒక్కొక్కటే తెమ్మన్నాను. నవ్వాడు. నేను నవ్వలేదు. తూకం వేసిన ప్రతిసారీ వచ్చి కాటా దగ్గర నిలబడ్డాను. మళ్ళీ తూయించాను. స్పష్టంగా లేని అక్షరమొకటి కనపడితే వెనక్కి పంపాను. ఒక షిఫ్టులో అయ్యే పని రెండు షిఫ్టులు పట్టింది. ప్రతి అభ్యంతరం నా పుస్తకంలో రాసి, సాయంత్రం క్వాలిటీ హెడ్ టేబుల్ మీద పెట్టాను. తప్పు నాదనడానికి ఎవరికీ సందు లేదు.

అతను మొదట మాటలు మానేశాడు. రెండు వారాలు. ఇదివరకైతే చచ్చిపోయేదాన్ని. ఆ రెండు వారాలు నాకు పండగలా గడిచాయి. తర్వాత దగ్గరికొచ్చాడు. నా ఒంట్లో బాగాలేదా అని, అమ్మగారెలా ఉన్నారని అడిగాడు. ఏదైనా తప్పు మాట్లాడానా, దొరసానిగారూ అన్నాడు.

"మేడమ్ అనండి," అన్నాను.

అతని కళ్ళు మారాయి. ఆ కళ్ళు తప్ప ఇంకేమీ చదవనిదాన్ని కదా, వాటిలో భయం మొదటిసారి చూశాను. ఇంటికి పోయే బస్సులో ఆ చూపును మళ్ళీ మళ్ళీ తలచుకున్నాను. సంవత్సరాల తరబడి అతను గ్లౌజు తొడిగిన క్షణాన్ని తలచుకున్నట్టే.

గడువు ఇక మూడు రోజులుందనగా అతను తప్పు చేశాడు. నేను దానికోసమే కాచుకుని ఉన్నాను. తడి పొడిని ఆరబెట్టే డ్రయ్యర్ ఇంకా తిరుగుతూనే ఉంది. గోడ గడియారంలో మూడుంపావు. అతను తెచ్చిన కాగితంలో పని ముగిసిన సమయం మూడు నలభై అని రాసి, పక్కన సంతకం పెట్టి ఉంది. తొందరలో ముందే రాసుకున్నాడు. గత నాలుగేళ్ళూ రాసుకున్నట్టే.

నేను కాగితం చూసి, గడియారం చూశాను. అతనూ చూశాడు.

"గీత గీసి దిద్దేస్తానండీ. ఇటివ్వండి."

అది రూలే. ఒక్క గీత, ఒక్క కారణం, ఒక్క సంతకం. పదకొండేళ్ళలో వందమందికి ఆ గీత గీయనిచ్చాను.

"దిద్దొద్దు. అట్లనే ఉండనీయండి," అన్నాను.

రెండో ఖానాలో, నేను చూసేసరికి డ్రయ్యర్ నడుస్తోందని, సమయం మూడుంపావని రాసి సంతకం పెట్టాను. కాగితం పట్టుకుని బయటికి నడిచాను. వెనక నుంచి అతను ఒక్కసారి పిలిచాడు. మేడమ్ అనే పిలిచాడు.

విచారణ పగటిపూట, అద్దాల గదిలో జరిగింది. ప్లాంట్ హెడ్, క్వాలిటీ హెడ్, హెచ్ఆర్ ఆఫీసరు ఒకవైపు. అతను ఎదురుగా. నేను పక్కన. జరగని పనిని జరిగినట్టు రాయడం మందుల ఫ్యాక్టరీలో అన్నిటికంటే పెద్ద నేరం. అతను కాదనలేదు. కానీ ఇంకో మాట చెప్పాడు. నాలుగేళ్ళుగా ఆవిడే ఖాళీ కాగితాల మీద ముందుగా సంతకాలు పెట్టి ఇచ్చేదని, తనొక్కడి తప్పు కాదని చెప్పాడు. చెప్పింది ప్రతి అక్షరం నిజం.

క్వాలిటీ హెడ్ నా వైపు తిరిగాడు. ఆయన ముందు నా రెండు నెలల అభ్యంతరాల పుస్తకం ఉంది.

"మేడమ్, మీరేమంటరు?"

"నేను చూడకుండ ఎక్కడా సంతకం చెయ్యలేదు సార్," అన్నాను.

నడుం వంచకుండా కూర్చునే అలవాటు చిన్నప్పటిది. ఆ గదిలో అది సాక్ష్యంలా పనిచేసింది. వాళ్ళు మా ఇద్దరినీ చూసి, నన్ను నమ్మారు. మాస్కు లేకుండా అతని ముఖం అంత దగ్గరగా, అంతసేపు నేనెప్పుడూ చూడలేదు. అతను కోపంగా లేడు. లెక్క తప్పినవాడిలా, ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్నవాడిలా చూశాడు. వారంలో తీసేశారు. కొత్త యూనిట్‌కు వేరే ఎవరో వెళ్ళారు.

ఆ మందులు ఎవరెవరు మింగారో నాకు తెలియదు. చివర్లో ప్రయోగశాల పరీక్ష ఉంటుంది, అందులో అన్నీ నెగ్గాయి. నేను నాకు ఆ మాట చాలాసార్లు చెప్పుకోవలసి వచ్చింది.

ముసలాయనను ఎవరూ విచారణకు పిలవలేదు. సంచులు మోసేవాడికేం తెలుస్తుందనుకున్నారు. కానీ విచారణలో నేనన్న మాట ఫ్యాక్టరీ అంతా పాకింది. ఒక మధ్యాహ్నం స్టోరు దగ్గర నేను పోతుంటే సంచి దించి, "మీ బాపు అయితే గిట్ల అనకపోవు," అన్నాడు. దొరసానీ అనలేదు. సంచి ఎత్తుకుని పోయాడు. నాకు ఒళ్ళు మండింది. మా బాపు ఏమన్నాడో, ఏమీ అనక ఏం పోగొట్టుకున్నాడో వీడికేం తెలుసనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

రెండు నెలలకు, పొద్దున సంగారెడ్డిలో కంపెనీ బస్సు కోసం నిలబడి ఉంటే అతను బండి ఆపాడు. చిక్కిపోయాడు. జోగిపేట వైపు ఒక చిన్న ఫ్యాక్టరీలో చేరానని, అక్కడ రాసే పని ఇవ్వలేదని చెప్పాడు. తిట్టడానికి వచ్చాడనుకున్నాను. ఆ తిట్టు కోసం నేను సిద్ధంగా ఉన్నాను. నిజానికి ఎదురుచూస్తున్నాను. తిడితే, గోడ అవతల విన్నవన్నీ వాడి మాటల్లోనే వాడికి అప్పజెప్పాలని, ఒక్కొక్క మాటా వరసగా దాచుకున్నాను.

అతను తిట్టలేదు.

"ఒక్కటి అడుగుతాను, చెప్పండి. ఉద్యోగం సంగతి వదిలెయ్యండి. నేను మీకేం చేశానని?"

చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడు తెలిసింది, అది చెప్పే దారి లేదని. విన్నానని చెప్తే అందులో అంత బాధపడటానికేముందని అంటాడు. ఎగతాళి మాట, కుర్రాళ్ళు అనుకునే మాట. అంత మాటకు మనిషి బతుకు తీస్తారా అంటాడు. ఎందుకు తీశానో చెప్పాలంటే స్టూలు గురించి, గ్లౌజు గురించి, ఇంట్లోంచి వెళ్ళగొట్టిన ఆకుపచ్చ చీరల గురించి చెప్పాలి. అది విన్న మరుక్షణం అతని ముఖంలో వచ్చేదేమిటో నాకు తెలుసు. గోడ అవతల అన్న 'అదే కదా సంగతి' ముఖానికే అంటాడు, ఈసారి జాలిగా.

"ఏమీ చెయ్యలేదు. పై నుంచి ఆడిట్ ఉందన్నరు, అన్నీ గట్టిగ చూడమన్నరు. చూసిన," అన్నాను.

"మరి అబద్ధం? ఆ రోజు గదిలో?"

మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. అది చెప్పాను.

"నా నౌకరీ పోతదని భయపడ్డ."

అతను తల ఊపాడు. ముఖం తేలికపడింది. నామీద ఏదో కోపం పెట్టుకుని చేశారేమోనని ఇన్ని రోజులు నిద్రపట్టలేదండీ అన్నాడు. భయం ఎవరికైనా ఉంటుందని, ఇంట్లో అమ్మగారున్నారు కదా అని, తనైనా అదే చేసేవాడినేమోనని నాకే ధైర్యం చెప్పాడు. జాగ్రత్తగా ఉండమన్నాడు. బండి తిప్పుకుని జోగిపేట దారిన వెళ్ళిపోయాడు.

బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాను. పక్కనున్న ఆమె ఎవరతను అని అడిగింది. ఇదివరకు మా దగ్గర పనిచేసేవాడని చెప్పాను. దాచుకున్న మాటలన్నీ నోట్లో అట్లాగే ఉన్నాయి. కంది దాటింది, ముత్తంగి వచ్చింది, అవి మింగుడుపడలేదు.